పసుపు వెలుతురులో పసరు

నమోదు 61

ఇవాళ గాలి ఓదెలు కొడుకు పెళ్లి. నాకు పోవాలని లేదు. పొద్దున్నుంచి చెమటకాయలు గోకి పుండ్లు చేసుకున్నవాళ్లకి మందులు రాసీ రాసీ విసుగొచ్చింది. కానీ మూతకాలంలో పెళ్లికి పోక ఇంకెక్కడికి పోతాం? పై ద్వారం మూసేశాక ఈ పాత బొగ్గు గనిలో ఉన్నది ఒకటే బజారు, ఒకటే క్యాంటీను, ఒకటే ఆస్పత్రి, అందులో ఒకతే డాక్టరు. ఆ ఒకతెనూ నేనే. పైన ఎండ చల్లబడి వానలు పడేదాకా ఇదే బతుకు.

నిజం చెప్పాలంటే పెళ్లికి ఎవరూ పెళ్లి కోసం పోరు. తెల్లదీపం కోసం పోతారు. కింద మాకు ఉన్నవన్నీ పసుపు దీపాలే, వాటికి కరెంటు తక్కువ చాలు. తెల్లదీపం ఒక్కటుంది. మూత వేయకముందు పైన ఎండలో పెట్టి దాని బ్యాటరీ నింపుతారు. అది అయిపోతే మళ్లీ వానల తర్వాతే. అందుకని పుస్తె కట్టే గడియలో తప్ప దాన్ని వెలిగించకూడదని కమిటీ కట్టడి చేసింది.

వెలిగించారు. పిల్ల చీర ఆకుపచ్చదని అప్పుడు తెలిసింది. ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని "అయ్యో, ఎంత నల్లబడ్డవే" అని నవ్వుకుంటున్నారు. నేను స్టీలు పళ్లెంలో నా తెల్లవెంట్రుకలు లెక్క చూసుకుంటున్నాను. అంతలో ఓదెలు అక్షింతలు వేసి, నవ్వుతూ తలెత్తాడు. అతని కళ్లలో తెల్లగుడ్డు తెల్లగా లేదు. పసుపుకొమ్ము అరగదీసి పూసినట్టు ఉంది.

దీపం ఆర్పేశారు. అందరం మళ్లీ పసుపైపోయాం.

ఓదెల్ని పందిరి పక్కకి లాక్కెళ్లాను. అతను గనికి గాలి తోడే పెద్ద ఫ్యాను చూసుకునే మనిషి. అందుకే గాలి ఓదెలు.

"నీకు దురద ఉందా?"

"ఈ బొగ్గుల దురద లేనోడు ఎవడున్నడు డాక్టరమ్మా?"

"ఒంటికి పోసేది ఏ రంగులో వస్తోంది?"

"రంగేంది? ఈడ అన్నీ ఒక్కటే రంగు. ముందు నువ్వు బువ్వ తిను."

అతని తప్పేం లేదు. ఎంతకాలంగా ఇలా ఉన్నాడో, రోజూ క్యాంటీనులో అతని పక్కనే కూర్చుని తినే నాకే తెలియలేదు. ఒళ్లు మండిపోయింది.

నమోదు 62

స్కాను చేశాను. కాలేయం తయారుచేసే పసరు ఒక సన్నటి నాళంలోంచి పేగులోకి దిగాలి. ఓదెలుకి ఆ నాళం కింది కొస దగ్గర, క్లోమం తలమీద, ఒక గడ్డ లేచి నొక్కేసింది. పైనున్న నాళాలన్నీ ఉబ్బిపోయాయి. దిగే దారి లేక పసరు నెత్తుట్లోకి ఎక్కింది. ఇవి ఒకరినుంచి ఒకరికి అంటుకునే కామెర్లు కావు. గడ్డ చిన్నది. కోసి తీసేస్తే మనిషి బతుకుతాడు. ఆలస్యమైతే పాకిపోతుంది, అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు.

నా చేతికి సూదులూ గొట్టాలూ వచ్చు. అంత పెద్ద కోత రాదు. అది వచ్చిన మనిషి పక్క గనిలో ఉన్నాడు, డాక్టర్ పరాంకుశం. మా గనికీ వాళ్ల గనికీ మధ్య ఒక సొరంగం, దాని చివర వాళ్ల గేటు. ఫోన్ చేశాను.

"గడ్డ చిన్నదేనా?"

"చిన్నదే సార్."

"అయితే గొట్టం గిట్టం వేయకు. పచ్చగా ఉంటే ఉండనీ, తిన్నగా నా బల్ల మీదికి పంపు. ముందే గొట్టం వేసి పసరు తీస్తే శుభ్రంగా ఉన్న నాళంలోకి క్రిములు పోతాయి. జ్వరాలు వస్తాయి. ఆ తర్వాత కోసేవాడి ఖర్మ. విన్నావా హైమవతీ?"

"విన్నాను సార్."

"నీకు నాళం ఉబ్బి కనబడితే చాలు, చేతులు ఊరుకోవు. అందుకు చెబుతున్నా."

ముసలాయన మాట అంతే, కారం. కానీ మాట నిజమే. కోతకి ముందు అందరికీ పసరు తీయనక్కర్లేదని నేనూ చదువుకున్నాను.

తర్వాత గేటు దుర్గయ్యకి చేశాను. అతను మెత్తగానే మాట్లాడాడు.

"డాక్టరమ్మా, నువ్వు చెప్పేది నాకు సమజైతంది. గానీ పచ్చకండ్లు ఈ గేటు దాటయి. జొరం దాటది. మానని పుండు దాటది. ఒక్కసారి తిప్పి పంపితే వానలదాంక మల్ల రానియ్యం. గా అంటు కామెర్లొచ్చిన ఏడు మా గనిల ఎంతమంది పోయిన్రో నీకెరికే. నా ఇద్దరు పిల్లలు గూడ అండ్లనే పోయిన్రు."

ఆ మాట అన్నాక అతనితో ఏం కొట్లాడను? ఫోన్ పెట్టేశాను. కోసేవాడు గొట్టం వద్దంటాడు. గేటువాడు తెల్లకళ్లు కావాలంటాడు. గొట్టం వేయకుండా కళ్లు తెల్లబడవు.

నమోదు 63

పరాంకుశం గారు తమ కమిటీతో మాట్లాడి దుర్గయ్యని ఒప్పిస్తానన్నారు. పచ్చకళ్లే కదా, దుప్పటి కప్పి తిన్నగా ఆపరేషన్ గదిలోకి తెచ్చేస్తాం అన్నారు. దాదాపు ఒప్పించారు కూడా. ఆ మాట చెబుదామని ఓదెలు ఇంటికి పరిగెత్తాను.

అతని కుడి మణికట్టు మీద వాత.

అతని భార్య సమ్మక్క నిన్న సాయంత్రమే నాటువైద్యం చేసే కొమురవ్వ దగ్గరికి తీసుకెళ్లి కామెర్లకు వాత పెట్టించింది. కాల్చిన దబ్బనంతో. బొబ్బ చిట్లి రసి కారుతోంది.

"నీకేమైనా మతి ఉందా?" అని అరిచాను. "చదువుకున్న మనిషివి, క్యాంటీను మొత్తం నడిపే మనిషివి!"

"నువ్వు గా యంత్రం పెట్టి చూసి, గడ్డ అన్నవు, ఊకున్నవు. నాకేం జేయాల్నో చెప్పలే. రాత్రంతా గీయన గోక్కుంటుంటే పక్కన పండి వినుడేనా? మా అమ్మకు వాత పెడితే తగ్గింది. గందుకే పెట్టించిన."

మీ అమ్మకు వచ్చినవి వాటంతటవే తగ్గే కామెర్లు అని చెప్పబోయి ఆగాను. ఆమె ఏడుస్తోంది. నాకూ కోపంతో పాటు ఏడుపొచ్చింది. చెప్పకపోవడం నా పొరపాటే కదా. ఓదెలే మధ్యలో దూరి, "పుండు నాది, మీరెందుకు ఏడుస్తున్రు?" అన్నాడు.

మానని పుండు గేటు దాటదు. ఇక దుప్పటి మాట లేదు.

పరాంకుశం గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన నెమ్మదిగా అన్నారు. "పుండు మానేదాకా ఆగాలంటే కాలేయం ఆగదు. రెండు రోజుల్లో కోస్తే గొట్టం వద్దన్నాను. ఇన్నాళ్లు ఆగాలంటే పసరు తీయక తప్పదు. వెయ్యి."

నమోదు 65

నోట్లోంచి దింపే కెమెరా గొట్టం ఉంటే లోపలినుంచే పని అయ్యేది. మా కెమెరా చెడిపోయి చాలాకాలమైంది. అందుకని పక్కటెముకల మధ్యనుంచి కాలేయంలోకి సూది దించాను, స్కాను చూసుకుంటూ. ఉబ్బిన నాళం దొరికింది. పసరు ఉబికి వచ్చింది. ఈ వెలుతురులో నల్లగా, ఫ్యానులోంచి తీసిన పాత నూనెలా కనబడింది.

"అగో, సర్వీసింగ్ ఎప్పుడో జెయ్యాల్సింది," అన్నాడు ఓదెలు, పళ్లు బిగబట్టి.

సూదిలోంచి సన్నటి తీగ పంపి, గడ్డ నొక్కిన చోటు దాటించి పేగులోకి దించాలని ప్రయత్నం. దాటలేదు. ఎన్ని రకాలుగా తిప్పినా మొండికేసింది. గట్టిగా తోస్తే నాళం చిరుగుతుందని ఆపేశాను. గొట్టం బయటికే పెట్టి, సంచీ తగిలించాను.

పొట్ట పక్కన గొట్టం, దానికి సంచీ. ఈ అవతారంలో గేటు దగ్గరికి పోతే దుర్గయ్య ఫోటో తీసి గోడకి పెట్టుకుంటాడు. కొన్నాళ్లు పసరు బయటికి పోనిస్తే వాపు తగ్గి దారి తెరుచుకోవచ్చు. అప్పుడు మళ్లీ ప్రయత్నించాలి.

నమోదు 67

దురద తగ్గింది. ఓదెలు నిద్రపోయాడు, సమ్మక్క కూడా.

కొత్త తలనొప్పి. పసరంతా సంచీలోకి పోతుంటే ఒంట్లో నీరూ ఉప్పూ దానితోనే పోతున్నాయి. మనిషి లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. పోయినదాన్ని మళ్లీ లోపలికి పంపాలి. అంటే తాగించాలి.

"నాదే నన్ను తాగమంటున్నవా? ఛీ, చావనన్న చస్త గానీ తాగ."

"చేదుగా ఉంటుందంతే."

"నువ్వు తాగినవా?"

సమ్మక్క సంచీ తీసుకుని క్యాంటీనులోకి పోయింది. చింతపండు చారు ఘాటుగా కాచి, చల్లారాక అందులో కలిపి, మిరియాలు దట్టించి తెచ్చింది. "కాకరకాయ చారనుకో," అంది. ఓదెలు ముక్కు మూసుకుని గటగటా తాగి, గ్లాసు బోర్లించి, "కాకరకాయకు ఇయ్యాలటి సంది దండం," అన్నాడు. వార్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ చాలా రోజుల తర్వాత నవ్వాను.

నమోదు 70

దాటింది! తీగ దాటింది! గడ్డ పక్కనుంచి పాములా జారి పేగులోకి దిగిపోయింది. నేను అరిచిన అరుపుకి బజారులోవాళ్లు ఏమైందో అని పరిగెత్తుకొచ్చారు.

ఆ తీగ మీదుగా చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని నొక్కుడుచోట లోపలే ఉంచేశాను. ఇక పసరు తన దారిన తాను పేగులోకి పోతుంది. కాస్త చూసుకుని బయటి గొట్టం తీసేశాను. ఇప్పుడు మానాల్సినవి రెండు, నా సూది పెట్టిన గాయం, కొమురవ్వ పెట్టిన వాత.

నమోదు 74

రెండూ మానాయి. నెత్తుట్లో పసరు సగానికి పైగా దిగింది. కానీ దుర్గయ్య నెత్తురు చూడడు, కళ్లు చూస్తాడు. నెత్తుట్లో తగ్గినా కళ్లలో పసుపు ఒక పట్టాన పోదు. పోయిందో లేదో ఈ పాడు వెలుతురులో నాకు తెలిసే మార్గం లేదు. తొందరపడి పోతే తిప్పి పంపుతారు, వానలదాకా అంతే. ఆగితే గడ్డ ఆగదు. రోజూ అతని కనురెప్ప కిందికి లాగి చూడ్డం, ఏమీ తెలియక వదిలేయడం.

కమిటీ పెద్ద రాజేశం దగ్గరికి పోయాను. ఒక్క నిమిషం తెల్లదీపం కావాలన్నాను.

"పెండ్లికి దప్ప ఇయ్యం డాక్టరమ్మా. ఇయ్యాల నీకిస్తే రేపు చీరె కొన్నోళ్లు గూడ అడుగుతరు. ఇగ క్యాంటీన్ల జేసే రవళి పెండ్లికి గూడ ఉంచాలె."

"మనిషి ప్రాణం రాజేశం!"

"నాకెరికలేదా? ఓదెలు లేకుంటే నాకు మాత్రం గాలేడిది? గానీ కట్టడి కట్టడే."

వెనకనుంచి సమ్మక్క అంది. "పెండ్లికైతే ఇస్తరు గదా?"

"ఇస్తం."

"అయితే మేం చేసుకుంటం."

చేసుకున్నారు. కొడుకూ కోడలూ పెళ్లిపెద్దలు. సమ్మక్క మెడలో పాత పుస్తె తీసి, పసుపుతాడుకి కట్టి, ఓదెలు చేతికిచ్చారు. కుర్రాళ్లు ఈలలు వేశారు. "ఈసారైనా మంచిగ చూసుకో," అని ఎవరో అరిస్తే, "చూద్దామనే గదరా దీపం," అన్నాడు ఓదెలు. రాజేశం మొహం ముడుచుకునే దీపం వెలిగించాడు.

నేను పెళ్లికొడుకు రెప్పలు రెండూ లాగి చూశాను. తెల్లగా ఉన్నాయి. మూలల్లో కాస్త జీర, అంతే. సమ్మక్క నా మొహమే చూస్తోంది. తల ఊపాను. ఆమె ఓదెలు భుజం మీద మొహం పెట్టుకుని గట్టిగా ఏడ్చేసింది. పెళ్లికూతుళ్లు ఏడవడం మామూలే అని ముసలమ్మలు సర్దుకున్నారు.

నమోదు 75

ఈ నమోదు రాయబుద్ధి కావడం లేదు.

సొరంగంలో సగం దూరం నడిచాం. ఓదెలు పెళ్లి చొక్కా వేసుకున్నాడు. ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. పళ్లు టకటకలాడాయి. చేయి పట్టుకుంటే కాలుతోంది. పరాంకుశం గారు మొదటిరోజే చెప్పిన జ్వరం. గొట్టం వెంట క్రిములు లోపలికి చేరాయి.

నా జేబులో జ్వరం బిళ్లలున్నాయి. వేస్తే కాసేపు ఒళ్లు చల్లబడుతుంది, గేటు దాటుతాడు. చేయి జేబులోకి పోయింది కూడా. దుర్గయ్య ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. ఈ జ్వరం ఎవరికీ అంటదని నాకు తెలుసు. అతనికి తెలియదు కదా. బిళ్ల బయటికి తీయలేదు. వెనక్కి తిరిగితే ఏముంది, అక్కడా కోసేవాళ్లు లేరు. ముందుకే పోయాం.

గాజు తలుపు అవతల దుర్గయ్య తెల్లటి టార్చి వేసి కళ్లు చూశాడు. సరే. చేతి వాత చూశాడు. సరే. పక్కటెముకల మచ్చ చూశాడు. సరే. నుదుటికి ఎదురుగా యంత్రం పెట్టాడు. అది కుయ్యిమంది.

"తీస్కపోండ్రి డాక్టరమ్మా," అన్నాడు, నా మొహం చూడకుండా.

ఓదెలు గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. "ఒట్టిగనే రెండోసారి పెండ్లి జేసుకున్న," అన్నాడు. నేను గాజు తలుపు మీద రెండు చేతులతో బాదాను. సిగ్గు లేకుండా అరిచాను. ఏం అరిచానో నాకే తెలియదు.

దుర్గయ్య వెనకనుంచి బక్కపలచటి ముసలాయన సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. ఎన్నో ఏళ్లుగా ఫోన్లో గొంతు వినడమే తప్ప మనిషిని చూడలేదు, అయినా పోల్చుకున్నాను.

"దుర్గయ్యా, నా కళ్లు చూడు. పచ్చగా ఉన్నాయా?"

"లేవు సారూ."

"జ్వరం ఉందా? పుండ్లున్నాయా?"

"లేవు."

"మరి తలుపు తియ్యి. లోపలికి వచ్చేవాడికి కదా నీ కట్టడి, పోయేవాడికి కాదు."

"సారూ, దాటితే మల్ల వానలకే. జొరమున్నోని పక్కకు పోయినోన్ని మల్ల రానియ్యం."

"తెలుసు. ఇక్కడ మన ఆస్పత్రిలో ఉన్న నా శిష్యురాలికి చేయి తిరిగింది, మీకు లోటుండదు. తియ్యి."

దుర్గయ్య తీశాడు. పరాంకుశం గారు ఇటువైపు అడుగుపెట్టారు, వెనక తలుపు మూసుకుంది. ఆ చప్పుడుకి ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి చూశారు. ఆ తర్వాత నా మీద పడ్డారు.

"గొట్టం వద్దన్నానా?"

"మీరే వెయ్యమన్నారు సార్."

"అదీ నిజమే. పద, వీణ్ణి లేపు."

నమోదు 79

జ్వరం మందులకి లొంగింది. ఓదెలు చారు అడిగాడు, మామూలు చారు.

పరాంకుశం గారు మా ఆపరేషన్ గది చూసి నెత్తి పట్టుకున్నారు. "ఈ వెలుతురులోనా? కోయడం కోస్తాను. గడ్డ తీశాక నాళాన్ని పేగుకి కుట్టాలి. ఆ కుట్టులోంచి పసరు కారితే మనిషి దక్కడు. పసుపు వెలుతురులో పసరు కారుతోందో, నీళ్లు కారుతున్నాయో నాకెలా తెలుస్తుంది?"

తెల్లదీపం కావాలి. అందులో మిగిలింది రవళి పెళ్లికే. రాజేశం ఈసారి కాదనలేదు. "నాది గాదు డాక్టరమ్మా, ఆ పిల్లనడుగు," అని తల వంచుకున్నాడు.

రవళి క్యాంటీనులో అన్నం వారుస్తోంది. ఎర్రచీర కొనుక్కుందని, దాన్ని వెలుతురులో చూసుకోవాలని ఏడాదినుంచి అందరికీ చెబుతున్న పిల్ల. ఎలా అడగాలో తెలియక గుమ్మంలో నసుగుతున్నాను. ఆమె గంజి గిన్నె దించి చేతులు తుడుచుకుంది.

"తీస్కపో డాక్టరమ్మా. నన్ను చేసుకునేటోడు ఎట్లుంటడో నాకెరికే. కొత్తగ జూసేదేముంది?"

నమోదు 80

కోత మొదలుపెట్టింది పసుపు వెలుతురులోనే. గడ్డ తీసేదాకా దీపం వద్దన్నారు. ఆయన వేళ్లు కళ్లతో పని లేకుండానే పోతున్నాయి. గడ్డ ఊడి వచ్చింది. అప్పుడు "దీపం" అన్నారు.

లోపలి రంగులన్నీ ఒక్కసారిగా కనబడ్డాయి. నా కళ్లు చెమర్చాయి. కుట్టు మీద కుట్టు, ఒక్కొక్కటీ వెంట్రుకంత. దీపం మొదట్లో ధగధగలాడింది, తర్వాత మెల్లమెల్లగా దిగడం మొదలైంది. ఇద్దరం గమనించాం, చేతులు ఆపలేదు.

చివరి ముడి వేశారు. శుభ్రమైన తెల్లగుడ్డ ముక్క కుట్టు కింద పెట్టి ఆగారు. పసరు కారితే దాని మీద మరక పడుతుంది. దీపం మిణుకుమంది. "ఉండు, ఉండవే తల్లీ," అన్నారు పరాంకుశం గారు, నన్నో దీపాన్నో. గుడ్డ తీసి ఎత్తి పట్టారు.

తెల్లగా ఉంది. ఇటు తిప్పారు. తెల్లగానే ఉంది. దీపం ఆరిపోయింది.

పసుపు వెలుతురులో పొట్ట మూశాం. బయట సమ్మక్క నేలమీద కూర్చుని ఉంది. ఆ గుడ్డ ముక్క ఆమె చేతిలో పెట్టాను. ఇప్పుడు అది పసుపుగానే కనబడుతోంది. "ఇది తెల్లగుంది," అని చెప్పాను. ఆమె నా మాట నమ్మి కొంగున కట్టుకుంది.

నమోదు 96

రవళి పెళ్లి. తెల్లదీపం లేదు. పుస్తె కట్టే గడియలో అందరం అలవాటుగా పైకి చూశాం. రవళి వాళ్లమ్మ కళ్లు ఒత్తుకుంది. రవళి మాత్రం పెళ్లికొడుకు గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, "గిట్లనే మంచిగున్నడు," అంది. పరాంకుశం గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆయనకి పసుపు దీపాల కింద నిద్ర పట్టడం లేదట, రోజూ నన్ను తిడుతున్నారు.

ఓదెలు ముందు వరుసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చిక్కి సగం మనిషయ్యాడు. నెత్తురు పరీక్ష బాగానే ఉంది. నవ్వుతూ నవ్వుతూ మోచేయి గోక్కున్నాడు.

సమ్మక్క అక్షింతల పళ్లెంతో అలాగే నిలబడిపోయింది. రాజేశం చూశాడు, రవళి చూసింది, పందిట్లో మాటలు ఆగిపోయాయి.

"ఏంది?" అన్నాడు ఓదెలు బిత్తరపోయి. "చీమ గుట్టింది."

నమ్మాలో లేదో తెలియక దగ్గరికి పోయి కనురెప్ప కిందికి లాగాను. ఏం కనబడుతుంది? అతని కన్ను, నా వేలు, సమ్మక్క చీర, రవళి చీర, అన్నీ పసుపే. వెనకనుంచి పరాంకుశం గారు నా భుజం మీద చేయి వేసి, "వానలు పడనీ అమ్మా, పైన పగటి వెలుతురులో చూద్దాం," అన్నారు.

ఓదెలు నా చేయి పట్టుకుని తీసేసి, ఆ చేతిలో చీమని పెట్టాడు. ఇంకా కదులుతోంది. సమ్మక్క దాన్ని చూసి, అందరికీ వినబడేలా, "చీమనే! చీమనే!" అని అరిచింది. పందిరంతా ఈలలు వేసింది.